బాయిలరుకు కొత్త పంచె

పెరటి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

కూర్మమ్మ చేతిలో చీపురుతోనే బయటికి వచ్చింది. చంకలో మూటతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా దారి దుమ్ము.

"మారిముత్తు మనిషివా? పొద్దున్నుంచి సూస్తన్నాం. ఇప్పుడా రావడం?"

ఆయన ఏదో చెప్పబోయాడు. కూర్మమ్మ చెప్పనిస్తే కదా.

"లోనికి రామాక. మా అమ్మాయికి రేపు పురుటి స్నానం. ఈ వసారాలోనే పని సూసుకో."

పెద్దాయన ఎత్తిన కాలు గడప ఇవతలే దించేశాడు. కాసేపు ఆలోచించి మూట పక్కన పెట్టి, ఆమె చేతిలోని చీపురు అందుకున్నాడు.

మలయాలోని సుంగై సిపుట్ ఊరంతా జెండాలు కడుతోంది. తెల్లవారితే మెర్డేకా, దేశానికి స్వాతంత్ర్యం. కూర్మమ్మకు మాత్రం తెల్లవారితే వియ్యాలవారు. మనవడికి పేరు పెట్టడానికి వస్తున్న వాళ్ళ చేత ఒక్క మాట కూడా పడకూడదని ఆమె పంతం.

పసివాడికి ఉక్క తగలకూడదని పైకప్పు రేకుల కింద పాత దూది తీసి కొత్తది కూరిస్తోంది. వడ్రంగి మారిముత్తు నిచ్చెనెక్కి పలకలు ఊడదీస్తుంటే, బూరుగుదూది, ఎలకల గూళ్ళు, ఏళ్ళనాటి దుమ్ము వసారాలోకి రాలుతున్నాయి.

ఆ మూలనే రాగి బాయిలరు ఉంది. కూర్మమ్మ తల్లి విశాఖపట్నం నుంచి ఓడలో తెచ్చుకున్నది. రేపటి స్నానానికి నీళ్ళు కాగాల్సింది అందులోనే.

"అమ్మా, ముందు బాయిలరు కప్పాల," అన్నాడు పెద్దాయన.

"మూత ఉంది కదా."

"నీళ్ళకుంది. నిప్పేసే గొట్టానికి లేదు. దూది అందులో పడితే, రేపు నిప్పెయ్యగానే మంట ఎగిరి పైకప్పు అంటుకుంటాది."

కూర్మమ్మ గబగబా చుట్టూ వెతికింది.

"కప్పడానికి గుడ్డేదయ్యా? ఉన్నయన్నీ ఉతికి రేపటికి మడత పెట్టినాను."

ఆయన మూట విప్పాడు. జరీ అంచు పంచె తీసి బాయిలరుకు పైనుంచి కిందదాకా చుట్టి, తాడుతో బిగించాడు.

"కొత్త పంచెలాగుందే."

"ఉతుక్కుంటాను లెండి."

పని సాగింది. ఆయన ఊడుస్తుంటే కూర్మమ్మ కబుర్లు చెప్పింది. అడవుల్లోని కమ్యూనిస్టుల గొడవతో ఊళ్ళో అందరికీ కర్ఫ్యూ ఉందేమో గాని ఆమె నోటికి లేదు.

"మా వియ్యంకుడున్నాడు సూడు, కన్నకొడుకు పెళ్ళికే రాలేదు. వాళ్ళ రబ్బరు ఎస్టేట్లో కర్ఫ్యూ అంట, పోలీసోళ్ళు పర్మిట్టు ఇవ్వలేదంట. కర్ఫ్యూ మనకి మాత్రం లేదా?"

"అవునమ్మా."

"రేపొచ్చి ప్రతిదానికీ వంక పెడతాడు."

"పెట్టినా పెడతాడమ్మా. పెళ్ళికి మొకం సూపించనోడు మంచోడెలాగవుతాడు?"

కూర్మమ్మకు ఆయన తెగ నచ్చేశాడు.

"నీ పేరేటి?"

"పేర్లు పెట్టేది రేపు కదమ్మా," అని నవ్వాడు.

కాపీ ఇస్తే తాగలేదు. పురుటి ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనన్నాడు. కూలోడికి ఇంత పట్టింపేమిటో అనుకుంది కూర్మమ్మ.

దుమ్ము అణిగాక ఆయన పంచె జాగ్రత్తగా విప్పి, దూరంగా తీసుకెళ్ళి దులిపాడు. గొట్టంలో చేయి పెట్టి చూశాడు. దూది పోగు కూడా లేదు.

"ఇంక ఎల్లు. కర్ఫ్యూ ఏళకి ఊరి కంచె గేటు మూసేస్తారు," అంది కూర్మమ్మ.

ఆయన మూసి ఉన్న పురుటి గది తలుపు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మారిముత్తు నిచ్చెన దిగాడు.

"ఆ పెరియవరు, ఆ పెద్దాయన ఎవరమ్మా? మీ సొంతక్కారరా, సుట్టమా?"

"నీ మనిషి కాదా?"

"నా ఆళు ఇవ్వేళ రాలేదే."

కూర్మమ్మ నెత్తిన చేయి పెట్టుకుంది. కొంపదీసి దొంగేమోనని చెంబులు, తపేలాలు అన్నీ వెతికింది. ఒక్కటీ పోలేదు.

తెల్లవారింది. బాయిలరులో నీళ్ళు తేటగా కాగాయి. కూతురు రత్నావతికి, పసివాడికి స్నానాలయ్యాయి. పురుడు తీరింది. వీధిలో పిల్లలు జెండాలు ఊపుతూ మెర్డేకా అని అరుస్తున్నారు.

అల్లుడు దాసు బంధువులతో గుమ్మం ముందుకు వచ్చాడు. కూర్మమ్మ కాళ్ళకు వేడినీళ్ళ చెంబుతో ఎదురువెళ్ళింది. చూస్తే, అందరికంటే ముందు నిన్నటి పెద్దాయన.

"ఏవయ్యా, నువ్వింకా ఈ ఊళ్ళోనే ఉన్నావా? కాస్త తప్పుకో, మా వియ్యంకుడికి నీళ్ళియ్యాల," అంటూ ఆయన భుజం మీంచి వెనక్కి తొంగిచూసింది.

"ఎనక్కి సూస్తావేటి అత్తా," అన్నాడు దాసు, "పోలీసోళ్ళు దారిలో ఆపేస్తారేమోనని ముందే బయల్దేరి, ఎవరూ ఆపక నిన్ననే దిగిపోయి, పురుడు తీరకుండా తండ్రి తరపోళ్ళు గడప తొక్కకూడదని రాత్రంతా రైలు స్టేషన్లో కూకున్న మా నాన్న ఈయనే."