కోడిగుడ్డు మీద జాలి

"దిగేచోటు ఇంత వాలుగా కడితే నేల తగిలినట్టే ఉండదు. ఇదేం గంతమ్మా, ఉయ్యాలూగినట్టు?" అన్నాడు తొగాషి తాత, అన్నం తింటూ, కొత్తగా వచ్చిన ఇంజనీరు చినామితో. ఇన్నాళ్ళూ మా కొండమీద స్కీలవాళ్ళు ఎగరడానికి మంచు గుట్టలు కట్టింది ఆయనే.

కట్టినవాళ్ళే ముందు దూకాలని రివాజు. తాత మాత్రం ఎప్పుడూ తన బదులు నన్నే తోసేవాడు.

చినామి జేబులో పచ్చిగుడ్డు వేసుకుని, తను కట్టిన గుట్టమీంచి ఎగిరింది. దిగొచ్చి, చెక్కుచెదరని ఆ గుడ్డు తాత గిన్నెలో కొట్టి పోసింది.

"ఇక మీ గుట్ట, తాతగారూ," అంటూ ఇంకో గుడ్డిచ్చింది.

తాత పైకెక్కి, కింద బల్లపరుపు నేలకేసి చూశాడు. గుడ్డు పట్టుకుని మెల్లిగా నడిచి దిగొచ్చాడు.

"పాపం, పగిలిపోద్దిరా," అన్నాడు నాతో.

కట్టుకట్టిన కాలితో ఊతకర్రల మీద నిలబడి, జన్మలో మొదటిసారి ఒక కోడిగుడ్డుని చూసి కుళ్ళుకున్నాను.