జవాను మత్తయ్య సందేహాలు

1949లో మిర్యాలగూడ జైల్లో మెట్రిక్ పరీక్షకు చదువుతున్న ఖైదీ ఐలన్న ఒక్కడే. హైస్కూలు చదువు మధ్యలోనే పోలీసులు అతణ్ణి పట్టుకొచ్చారు. తోటి ఖైదీ అయిన ఒక పంతులు గోడ మీద బొగ్గుతో రాసి లెక్కలు చెప్పేవాడు.

పాఠం మొదలైతే చాలు, కోదాడ నుంచి వచ్చిన జవాను మత్తయ్య ఊచల దగ్గర నిలబడేవాడు.

"ఏం పంతులూ, ఆ ఎక్స్ అంటే ఎవరు?" అని ఒకరోజు గద్దించాడు.

"ఎవరు కాదు జవాను సాబ్. మనకు తెల్వని అంకె."

"తెలియనిదానికి పేరెందుకు? మళ్ళా మొదటి నుంచి చెప్పు."

జవాను వెళ్ళగానే ఐలన్న, "మనం రహస్యం మాట్లాడుకుంటున్నమని అనుకుంటుండు పంతులూ. జైలు పెద్దసారుకు చెప్తే నా సదువు ఖతం!" అన్నాడు.

పరీక్ష రోజు ఐలన్నను లారీలో సూర్యాపేట బడికి తీసుకెళ్ళారు. కాపలాగా వచ్చిన జవాన్లలో మత్తయ్య లేడు. పీడ విరగడైందనుకున్నాడు ఐలన్న. బేడీలు విప్పగానే లోపలికి వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

పక్క బల్ల మీద తెల్ల ధోవతి కట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ మత్తయ్య!

ప్రశ్నపత్రాలు పంచారు. కాసేపటికి మత్తయ్య మెల్లగా ఇటు వంగాడు.

"ఐలన్నా, రెండో లెక్క ఎట్లా మొదలుపెట్టాలయ్యా?"

ఐలన్నకు నవ్వు ఆగలేదు. "జవాను సారూ, సప్పుడు జెయ్యకుండ్రి. పట్టుకపోతరు!"