మైకులో పడ్డ గొంతు

గోడ మీద మళ్లీ దబదబా బాదిన చప్పుడు. ఉష గిటార్ తీగల మీద అరచెయ్యి అదిమి వాయించడం ఆపేసింది.

"అన్నా, అవ్వ మల్ల కొడ్తుంది."

"కొట్టనీ," అన్నాడు సురేందర్, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే. "జోగులమ్మవ్వకు రోజూ ఇదే పని. నేను మైకు పెడితె సాలు, ఆమె రోకలి పట్టుకుంటది."

కొల్లాపూర్ శివారులో, అడవిని ఆనుకున్న మామిడితోటల పక్కన, ఒకే గోడకు అటొకటి ఇటొకటి రెండు ఇళ్లు. ఒకదాంట్లో జోగులమ్మ ఒక్కతే ఉంటుంది. రెండోదాని వెనకగదే సురేందర్ స్టూడియో. గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టాడు. కిటికీకి గుడ్ల అట్టలు అతికించాడు. తలుపుకు రెండు దుప్పట్లు వేలాడదీశాడు. ఉమ్మడి గోడకు ఆనించి గిటార్ మోత పెంచే ఆంప్ పెట్టె, దాని ముందు మైకు, రెంటి మీదా గుడారంలా ఒక పరుపు. ఇంత చేసినా ఆంప్ మోత పెంచితే అవతలి ఇంట్లో గిన్నెలు అదురుతాయి. పెంచకపోతే ఉష పాటకు కావలసిన ఆ గరుకుదనం రాదు.

"జర తగ్గించి వాయిస్త అన్నా. ముసలామె, పాపం."

"తగ్గిస్తే దోమ గుయ్‌మన్నట్టుంటది. ఆరింటి లోపల పాట పంపాలె అన్నది నువ్వే. నాలుగింటికి కరెంటు తీస్తరంట. ఇప్పుడు మూడున్నర. నీ ఇష్టం మరి."

ఉష గడియారం వైపు చూసింది. గిటార్ వీపున వేసుకొని పొద్దున్నే వనపర్తిలో బస్సెక్కి వచ్చింది. హైదరాబాద్‌లో పెద్ద వేదిక మీద వాయించేవాళ్లను ఎంచుకునే పోటీకి పంపాల్సిన పాట అది. పాట చేరడానికి ఇదే ఆఖరి రోజు.

గోడ మళ్లీ మోగింది. ఈసారి దెబ్బకూ దెబ్బకూ మధ్య తెరిపి లేదు.

"రోజూ గిట్లనే కొడ్తదా?"

సురేందర్ ఒక్క క్షణం చెవి ఒగ్గాడు. "రోజూ మూడు దెబ్బలేసి, నాలుగు తిట్లు తిట్టి ఊకుంటది. ఇయ్యాల జర ఎక్కువైంది."

"కుక్కలు గూడ మొరుగుతున్నయ్."

"మన మోతకే."

అతను ఆ మాట అంటుండగానే కుక్కలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. మే నెల ఎండ గుడ్ల అట్టల సందుల్లోంచి సన్నగా లోపలికి కారుతోంది. ఉషకు మెడ వెనక చెమట పట్టింది.

"ఎందుకో బయమైతుందన్నా."

"పోటీకి ముందు అందరికీ అట్లనే ఐతది. ఇదొక్క టేక్ కానియ్యి. తర్వాత నేనే పోయి అవ్వ కాళ్లు పట్టుకుంట."

సురేందర్ వంగి, పరుపు కింద చెయ్యి పెట్టి, ఆంప్ మోతను చివరిదాకా తిప్పాడు. ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. చెవుల్లో డ్రమ్ములు మొదలయ్యాయి.

ఉష వాయించింది. నేల కంపించింది. బల్ల మీది గ్లాసులో నీళ్లు వణికాయి. పాటలో రెండు చోట్ల గిటార్ చప్పున ఆగి, నాలుగు లెక్కల తర్వాత మళ్లీ ఉరుముతుంది. పొద్దుటి నుంచి అక్కడే తడబడుతున్న ఆమె వేళ్లు ఈసారి తప్పలేదు. చివరి మోత అణిగేదాకా ఊపిరి బిగబట్టి, హెడ్‌ఫోన్స్ తీసింది.

గోడ అవతల ఏ చప్పుడూ లేదు.

"అలసిపోయినట్టుంది," అంటూ సురేందర్ నవ్వాడు. "అదిరిపోయింది ఉషా! ఇదే పంపుదాం. ఆగిన కాడ అవ్వ దెబ్బలు పడ్డయేమో చూసి కోసేస్త."

రికార్డయినదాన్ని స్పీకర్లలో పెట్టాడు. గిటార్ గర్జించి, మొదటిసారి ఆగింది. ఆ ఖాళీలో దబ్, దబ్ మంటూ రోకలి దెబ్బలు. వాటి వెనక సన్నగా, గోడలోంచి వడకట్టినట్టు ఒక గొంతు.

"సురేందరూ... తలుపు..."

మిగతాది గిటార్ మింగేసింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సురేందర్ వెనక్కి జరిపి మళ్లీ వినిపించాడు. అదే గొంతు. అవే రెండు మాటలు.

"తిడ్తలేదన్నా," అంది ఉష. "ఏడుస్తుంది. తలుపు తియ్యమంటుంది."

"ఆగు, మొత్తం విందాం."

"ఏం వింటవన్నా! ఒక్కతే ఉంటదన్నవ్. గుండెనొప్పి గిట్ల వచ్చిందేమో. ఇంతసేపటి నుంచి పిలుస్తుంటే మనం మోత పెంచుకుంట కూసున్నం."

ఆమె గిటార్‌ను కుర్చీకి ఆనించి, దుప్పట్లు తోసుకొని ముందుగదిలోకి పరుగెత్తింది.

సురేందర్ లేవబోయి కూర్చున్నాడు. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. ఆ రెండు మాటలు తప్ప ఏదీ సరిగ్గా తెలియడం లేదు. హెడ్‌ఫోన్స్ తగిలించుకొని, పాటను రెండో ఖాళీకి కాస్త ముందుకు జరిపాడు. గిటార్ మోత చెవులు చీలుస్తోంది. మొన్న మొన్ననే జ్వరం పడి లేచింది అవ్వ. తను ఎన్నిసార్లు విసుక్కున్నాడో గుర్తొచ్చింది. ఏం కాకుండా ఉంటే చాలు, ఈ ఆంప్‌ను రేపే ఇంకో గదికి మార్చేస్తానని అనుకున్నాడు.

ముందుగది వైపు నుంచి ఎండ వెలుతురు జారి వచ్చి అతని పాదాల మీద పడింది. ఉష వీధి తలుపు తీసింది.

చెవుల్లో గిటార్ ఆగింది. గోడకు నోరు ఆనించి అరిచినట్టు, జోగులమ్మ గొంతు ఈసారి స్పష్టంగా వినిపించింది.

"తలుపు తియ్యకు బిడ్డా! ఎలుగుబంటి మీ గడపల్నే కూసున్నది!"