తాబేలు అన్న ఊఁ

మా చెరువులో వైద్యం నాదే. కొంగని. పొడుగాటి ముక్కు, దానికంటే పొడుగాటి గర్వం. రోగి ఒప్పుకోకుండా ఒంటి మీద ముక్కు పెట్టకూడదని చెరువు సభలో తీర్మానం రాసింది కూడా నేనే. నాకంటే నీతిమంతురాలు ఈ చుట్టుపక్కల లేదు.

ఒకరోజు ముసలి తాబేలు వీరమ్మ వాచిన కాలితో వచ్చింది.

"కాలు తీసెయ్యాలి వీరమ్మా, సరేనా?"

"ఊఁ..." అంది.

ఒప్పేసుకుంది! ముక్కు రాయికేసి నూరాను. నేను ఒంటికాలి మీద నిలబడి సంసారం నెట్టుకొస్తున్నాను, దీనికి మూడు మిగిలితే చాలవా అనుకున్నాను. తిరిగి చూస్తే కాలే లేదు. డిప్పలోకి లాగేసుకుంది.

"ఏమ్మా, ఊఁ అన్నావుగా?"

"అది మూలుగు కొంగమ్మా! నొప్పికి ఊఁ అనక పాట పాడతానా? కాలు తీస్తే ఈదగలనా? తియ్యకపోతే చస్తానా? ముందు అది చెప్పు."

రోగుల్ని అడగాలని రాశానే గానీ, వాళ్లు తిరిగి అడుగుతారని నాకు తోచనే లేదు.

"నాకు తెలీదు వీరమ్మా." ఇంత పొడుగు మెడలోంచి ఆ మాట పైకి రావడానికి చాలాసేపే పట్టింది.

డిప్పలోంచి కాలు మెల్లగా బయటికొచ్చింది.

"అయితే ముందు సరిగ్గా చూడు."

వంగి చూశాను. వేళ్ల సందున తుమ్మముల్లు.

"లాగనా?" అని అడిగి, ఈసారి జవాబు వచ్చేదాకా ఆగాను.