మూరెడు గోడ

"నీ ఇల్లు కట్టినోళ్ళు ఉత్త దొంగలయ్యా! గుమ్మానికి ఎదురుగానే మూరెడు గోడకి రంగు ఎగ్గొట్టారు. నేనే వేసేశా, చూసుకో!" అన్నాడు పక్కింటి రామ్మోహన్, బ్రష్షు ఊపుతూ. షిమ్యోను ఇంటి తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉంటుంది.

హాస్పిటల్లో డబుల్ షిఫ్టు చేసి పరాయి దేశపు శివారు క్లైడ్ నార్త్‌లో తన కొత్తింటికి చేరిన షిమ్యోను గోడని చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"వాళ్ళు ఎగ్గొట్టలేదండీ. నేనే వద్దన్నా. యెరూషలేములో మా దేవాలయం కూలిపోయిన సంగతి మరవకుండా, యూదులం ఇంట్లో ఇంత గోడ ఒట్టిగా వదిలేస్తాం. గుంటూరు దగ్గర మా నాన్న మట్టిగోడక్కూడా అంత మేర సున్నం కొట్టలేదు."

రామ్మోహన్ మొహం చిన్నబోయింది. "మీ గుంటూరు వైపోళ్ళు యూదులేనని ఆ యూదుల దేశమే ఇంకా ఒప్పుకోలేదుగా. అయినా ఇంత ప్రేమా?"

"తల్లి గుర్తుపట్టలేదని కొడుకు తల్లిని మరుస్తాడా? రెండు వేల ఏళ్ళు చెదిరిపోయినోళ్ళు తిరిగొచ్చి సొంత దేశం నిలబెట్టుకున్నారు. ఒళ్ళు హూనమైన రోజు ఆ మాట తలుచుకునే ఇంటికొస్తా."

రామ్మోహన్ బ్రష్షు కింద పెట్టాడు. తర్వాత తడి రంగు పక్కన మోచెయ్యి ఆనించి కొలిచాడు.

"సారీ షిమ్యోనూ. రేపొచ్చి గీకేస్తాలే."

కిటికీలో ఎండ పల్చబడుతోంది. శుక్రవారం. పొద్దు గూకితే సబ్బాతు, యూదుల విశ్రాంతి దినం; రేపు పొద్దు గూకేదాకా షిమ్యోను పని ముట్టకూడదు, ఇంకొకరి చేత చేయించుకోకూడదు.

అతను గుమ్మం పట్టుకుని లేచాడు.

"రేపు కాదండీ. పొద్దు గూకేలోపే గీకాలి. ఆ మూల మీరు పట్టండి, ఈ మూల నేను. రండి!"