సీలు చింపిన మనిషి

పెన్నకు పెద్ద వరద వచ్చిపోయిన మరుసటేడు.

మైపాడు ఒడ్డున ముత్యాలయ్య వల సర్దుకుంటా ఉంటే ఒక మనిషి వచ్చి నిలబడినాడు. భుజాన గుడ్డసంచి. గడ్డం మాసి ఉంది.

"అన్నా, మీ పడవలో పెట్టె ఒకసారి విప్పి చూస్తాను."

పెట్టె అంటే సముద్రంలో దారి చూపించేది. ఆపద వస్తే దాని ఎర్రమీట నొక్కాలి. ఒడ్డుకు కబురు పోతుంది.

"కంపెనీ మనిషివా?"

"కాదు."

"మెకానిక్‌వా?"

"కాదు. ఇంతవరకు ఒక్కటే విప్పినాను."

ముత్యాలయ్య తమ్ముడు సుబ్బు పకపకా నవ్వినాడు.

"సరిపోయింది. రెండోది మాదే దొరికిందా నీకు?"

"లోపల ఇంకో బ్యాటరీ ఉంటుంది అబ్బయ్యా. అది చచ్చిపోయినా బయటికి తెలియదు."

"పచ్చదీపం వెలగతా ఉంది గదా, కనపడలా?"

"అది పడవ బ్యాటరీతో వెలిగే దీపం. పడవ బ్యాటరీ మునిగిందంటే దాంతోపాటే పెట్టె కూడా పోతుంది."

ముత్యాలయ్య పెట్టెను చేత్తో తడిమి చూసినాడు. మూత మీద కంపెనీ సీలు. నాలుగు మూలలా ఏ స్క్రూడ్రైవరుకూ లొంగని మరలు. సీలు చిరిగితే ఇంక మాకు సంబంధం లేదని అమ్మేటప్పుడే చెప్పినారు. లోపలి బ్యాటరీ విడిగా అమ్మరు. పెట్టెను మద్రాసుకు పంపాల్సిందే. పంపితే వేటకాలం అయిపోయేదాకా తిరిగి రాదు.

"ఎంత తీసుకుంటావు?"

"ఏమీ వద్దు."

ఆ మాటతోనే ముత్యాలయ్యకు అనుమానం పుట్టింది.

"ఊరికే చేసేదానికి నువ్వెవరు? ఏ ఊరు?"

"తడ వైపు."

"అంత దూరం నుంచి మా పెట్టె కోసం వచ్చినావా?"

ఆ మనిషి పెట్టె వైపే చూస్తా ఉన్నాడు.

"పోబ్బా, పో."

పోలేదు. ఎండలోనే కూర్చున్నాడు. ముత్యాలయ్య భార్య చెంచమ్మకు జాలేసింది.

"అన్నం తింటావా నాయనా? చేపల పులుసు ఉంది."

"చేపలు తిననమ్మా ఇప్పుడు."

"చేపలు పట్టే ఊరు గదా తడ, ఆ ఊరోడు చేపలు తినడంట వదినా!" అన్నాడు సుబ్బు. "అబద్ధం చెప్పినా అతికినట్టుండాల."

అన్నాలు తిని తిరిగొచ్చేసరికి ఆ మనిషి పడవలో ఉన్నాడు. సీలు చింపేసినాడు. సైకిల్ పుల్లను అరగదీసి, దాంతో మరలు విప్పినాడు. మూత మళ్ళీ బిగించి, నీళ్ళు పోకుండా అంచులకు ఎంసీల్ పూస్తా ఉన్నాడు.

"దొంగనాయాలా!" సుబ్బు ఆ మనిషి చొక్కా పట్టుకుని ఇసకలోకి ఈడ్చినాడు.

ముత్యాలయ్య వాడి చెంప మీద కొట్టినాడు. మళ్ళీ కొట్టినాడు. సంచి గుంజి కుమ్మరిస్తే బ్యాటరీలు, టేపుచుట్ట పడినాయి.

"మా పెట్టెల్లోవి పీకి అమ్ముకుంటా ఉండావా?"

"మీ పాత బ్యాటరీ పడవలోనే ఉందన్నా. ఉబ్బిపోయింది. చూడండి."

ఎవరూ చూడలేదు.

చెంచమ్మ అడ్డం వచ్చింది. "చాల్లే, వదలండి. మనిషి పోతాడు."

ఆ మనిషి ఇసకలోవన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. పెదవి చిట్లి రక్తం కారతా ఉంది.

"వేటకు పోండి. పెట్టె పలుకుతుంది."

అంతే. రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయినాడు.

ఆ వారంలోనే సుబ్బు పోయిన పడవ గాలికి చిక్కింది. ఒడ్డున చెంచమ్మ రాత్రంతా ఏడ్చింది. మరునాటికి వేరే పడవ వాళ్ళు సుబ్బును తెచ్చి దించినారు.

దుప్పటి కప్పుకుని చెప్పినాడు.

"అల వచ్చి ఇంజను మీద పడింది అన్నా. పడవ బ్యాటరీ మునిగిపోయింది. ఇంక అయిపోయినాం అనుకున్నా. ఎర్రమీట నొక్కితే పెట్టె పలికింది."

చెంచమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఎవర్ని కొట్టినావో తెలిసిందా?"

ముత్యాలయ్య నేరుగా పడవల దగ్గరికి నడిచినాడు. తమ పక్కింటి చిన్నపోలయ్య వాళ్ళ పడవలోకి ఎక్కినాడు. వాళ్ళ పెట్టెకు సీలు సీలుగానే ఉంది. దీపం పచ్చగా వెలగతా ఉంది. పడవ బ్యాటరీ తీగ పీకినాడు. పెట్టె అక్కడికక్కడే చచ్చింది.

అప్పటికప్పుడు బస్సెక్కినాడు.

తడలో దిగి, పెట్టెలు విప్పే మనిషి ఎవరని అడగతా అడగతా పోయేసరికి పొద్దు గూకింది. ఆ ఇంటి గడపలో ఒకామె కూర్చోనుంది.

"ఆయన ఉన్నాడా అమ్మా? మైపాడు నుంచి వచ్చినాను. మా పెట్టె ఆయనే బాగుచేసినాడు."

"పడవ మనిషివా అన్నా?"

"అవును."

"అయితే ఆడే ఆగు. లోపలికి రావొద్దు. మాకింకా మైల పోలేదు."

ముత్యాలయ్య వాకిట్లోనే ఆగినాడు. చావు జరిగిన ఇంటివాళ్ళు పెద్దదినం కాకముందు ఎవరి పడవా తాకకూడదు. వాళ్ళ ఊళ్ళోనూ అదే కట్టుబాటు.

"చెబితే ఎవరూ పడవ తాకనివ్వరని, చెప్పకుండానే ఊరూరా తిరిగినాడు" అన్నాదామె. "రేపటితో మైల తీరిపోతుంది."

ఆ రాత్రి ముత్యాలయ్య తడ బస్టాండులోనే పడుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున, పెట్టె పలక్క నడిసముద్రంలో పోయిన కొడుక్కి ఆ మనిషి పెద్దదినం చేస్తా ఉంటే, ముత్యాలయ్య పోయి దాయాదుల వరసలో మంగలి ముందు తల వంచి కూర్చున్నాడు.