టేకు పీట

యుద్ధం రోజులు. అబిడ్స్ దవాఖానలో నా పెళ్లాం జంగమ్మకు జ్వరం దిగింది.

“గండం గడిచింది, టచ్ వుడ్!” అని నర్సమ్మ బల్లను ముట్టుకుంది.

“ఏంది తల్లీ అది?”

“మంచిమాట అన్నంక దిష్టి తగలకుండ తెల్లదొరలు చెక్కను ముడుతరు తాతా.”

జంగమ్మ పడుకున్నది ఇనుప మంచం. నాంపల్లిలో నా అంతటి వడ్రంగి లేడు, నా పెళ్లానికి చెక్క కరువా? లేచాను.

“ఎటు పోతవ్? జర పక్కన కూసో,” అంది జంగమ్మ.

“ఊకో, నీకేం ఎరుక!”

ఇంటికి పోయి, నేను చేసిన టేకు పీట చంకన పెట్టుకొని వచ్చాను. అప్పటికే ఆమె ముఖం మీద దుప్పటి కప్పారు.

“ఉన్నట్టుండి ఊపిరి అందలె తాతా. చెయ్యి చాపుతనే ఉండె. నా చెయ్యి ఇస్తే తోసేసింది,” అంది నర్సమ్మ. “‘గిది కాదు, మా ముసలోనిది గరుకుగుంటది’ అన్నది.”